పులిజూదంతో మొదలుపెట్టండి: ఫోన్ ఆటను సొంతంగా తయారుచేయడం

ఫోన్ ఆటల తయారీని సొంతంగా నేర్చుకోదలచినవారు చాలామంది తాము రోజూ ఆడే పెద్ద ఆటలాంటిదాన్నే ముందుగా తలకెత్తుకుని, నెల తిరక్కుండానే వదిలేస్తారు. నియమాలు చిన్ననాటి నుంచి తెలిసిన ఆటను ఎంచుకుంటే ఆలోచనంతా కోడ్ మీదే నిలుస్తుంది. విజయవాడలో ఉద్యోగం ముగించుకుని పటమటలోని ఇల్లు చేరాక దొరికే ఒక్క గంటలో నేర్చుకోవడానికి నేను పులిజూదాన్ని ఎంచుకున్నాను. మా నాయనమ్మ అరుగు మీద సుద్దతో పటం గీసి, చింతపిక్కలను మేకలుగా పెట్టి నేర్పిన ఆట అది.

పనిముట్టుగా గోడో ఇంజిన్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. అది ఉచితం, 2014 నుంచి దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. అందులో వాడే జీడీస్క్రిప్ట్ భాష కొత్తవారికి త్వరగానే పట్టుబడుతుంది. అయితే 2023 మార్చిలో వచ్చిన 4.0 గానీ, ఆ తరువాతి వెర్షన్ గానీ తీసుకోండి. మూడో వెర్షన్లలో తెలుగు ఒత్తులు కుదిరేవి కావు. ‘మేక చచ్చింది’ అని రాస్తే రెండు చకారాలు పక్కపక్కన విడిగా నిలిచేవి. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్ ఫైలును ప్రాజెక్టులోనే చేర్చుకోవడం మంచిది.

అసలు పని పటాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా చెప్పడంలో ఉంది. మూడు పులులు, 15 మేకలతో ఆడే పటంలో గీతలు కలిసే చోట్లు 23. శిఖరాన ఒకటి, దాని కింద మూడు వరుసల్లో ఆరేసి, అట్టడుగున నాలుగు. శిఖరానికి 0 ఇచ్చి, పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి 22 వరకు అంకెలు వేయండి. తరువాత ప్రతి చోటుకూ పొరుగు చోట్ల జాబితా రాయండి: 0కి పొరుగులు 2, 3, 4, 5. కాగితం మీద పటం గీసుకుని, ఒక్కో గీతను వేలితో తడుముతూ రాస్తే తప్పులు తగ్గుతాయి.

మేకను చంపేందుకు పులి దాని మీదుగా దూకడం దగ్గరే నేను మూడు సాయంత్రాలు ఇరుక్కుపోయాను. పక్కనే మేక ఉండి, ఆ మేకకు పొరుగున ఖాళీ ఉంటే దూకవచ్చని రాశాను. దాంతో 0లో ఉన్న పులి 3లోని మేక మీదుగా వంపు తిరిగి 2లో వాలింది. పులి సూటిగా ఒకే గీత వెంట దూకాలి కదా! గీతలు ఏటవాలుగా ఉండే ఈ పటంలో కోణాలు లెక్కగట్టే కన్నా, చెల్లే దూకుళ్లన్నింటినీ మూడేసి అంకెలుగా ముందే రాసిపెట్టుకోవడం ఎంతో తేలిక: 0, 3, 9 అంటే 0 నుంచి 3 మీదుగా 9కి. ఈ జాబితా కుదిరిందంటే ఆటలో సగం పూర్తయినట్లే, ఎందుకంటే పులులను కదలకుండా కట్టేశారా లేదా అన్నది కూడా పొరుగు జాబితాతో పాటు దీన్ని చూసే తేలుతుంది.

తాకే చోటు బొమ్మ కన్నా పెద్దదిగా ఉండాలి. ఆండ్రాయిడ్ సూచించే కనీస కొలత 48 డీపీ (తెర సాంద్రతను బట్టి సర్దుకునే కొలమానం). ఈ ఆటలో ఎత్తు వేసేదాకా తెర మారదు కనుక, ప్రాజెక్టు సెట్టింగుల్లో లో ప్రాసెసర్ మోడ్‌ను ఆన్ చేయండి. అప్పుడు ఇంజిన్ మార్పు ఉన్నప్పుడే తెరను మళ్లీ గీస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో మన ఊళ్లో ఫోన్ ఊరికే ఉన్నా వేడెక్కుతుంది, దానికి మన ఆట తోడవకూడదు.

స్నేహితులకైతే ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు, పంపితే చాలు. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్త వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మంది వరుసగా 14 రోజులు పరీక్షకులుగా కొనసాగాలి. బంధువులనే అడగండి, కానీ వారి మాట శ్రద్ధగా వినండి. మా ఇంట్లో ఆరు మేకలు పోతే ఓటమి, గుంటూరులోని మా పెద్దమ్మగారింట్లో అయిదుకే. అందుకే ఆ అంకెను కోడ్‌లో పాతిపెట్టకుండా, ఆడేవారే మార్చుకునేలా సెట్టింగుల్లో ఉంచాను.