బతుకమ్మ పూలతో లెక్కలు

బతుకమ్మకు పూలు తెచ్చినప్పుడు ఒక గుప్పెడు పిల్లలకు వదిలేయండి. హనుమకొండలో మా ఐదేళ్ల పాపతో నేను ఇదే చేస్తాను. తంగేడు పువ్వుకు ఐదు రెక్కలు, తనే లెక్కపెడుతుంది. గునుగు మాత్రం ఒక్క పువ్వు కాదు, బోలెడు చిన్న పూల కంకి. బాగా ఎండినదాన్ని తెల్ల కాగితం మీద దులిపితే నల్లటి గింజలు మెరుస్తూ రాలతాయి. ఆ చూపు చూడాలి పిల్లలది! చురుకైన పిల్లలైతే బతుకమ్మ పేర్చేటప్పుడు అడగండి: కింది వరుసకు 40 పూలు పట్టాయి, పై వరుసకు ఎన్ని పడతాయి? ముందు ఊహించి చెప్పాలి, తర్వాత పేర్చి లెక్క చూడాలి. తప్పొస్తే వెంటనే సరిదిద్దకండి, ఎందుకు తగ్గాయో వాళ్లనే ఆలోచించనివ్వండి. గన్నేరు పూలు మాత్రం చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటే విషం.