మెడికల్ డివైస్ ఐడియా ఉంటే బైరాక్ బిగ్ గ్రాంట్‌కి ఎలా అప్లై చేయాలి?

హెల్త్‌కి సంబంధించిన మంచి ఐడియా ఉండి, ప్రోటోటైప్ (మొదటి నమూనా) చేయడానికి డబ్బులెక్కడ్నుంచి తేవాలో తెలీక ఆగిపోయినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. బ్యాంకుకెళ్తే తాకట్టు ఏం పెడతావంటారు, ఇన్వెస్టర్ దగ్గరికెళ్తే అమ్మకాలెంత అంటాడు, డివైస్ పనిచేస్తుందో లేదో మనకే ఇంకా తెలీని టైంలో ఈ రెండింటికీ జవాబు ఎక్కడ్నుంచి తెస్తాం. సరిగ్గా ఈ టైంలో ఆదుకోవడానికే కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ డిపార్ట్‌మెంట్ 2012లో బైరాక్ అనే సంస్థ పెట్టింది. వాళ్ళిచ్చే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్‌నే అందరూ బిగ్ అంటారు. మాక్సిమం 50 లక్షలు, 18 నెలల టైం, తిరిగి కట్టక్కర్లేదు, కంపెనీలో వాటా అడగరు. పేరులో బయోటెక్ ఉంది కదా, మందులకీ వ్యాక్సిన్లకీ మాత్రమేనేమో అని చాలామంది వదిలేస్తున్నారు, అది తప్పు, మెడికల్ డివైస్‌లు, టెస్ట్ కిట్లు అన్నీ దీంట్లోకి వస్తాయి.

మాది షుగర్ ఉన్నవాళ్ళ పాదాల కోసం చేసిన పీట. దాని మీద నిలబడితే రెండు పాదాల్లో ఎక్కడ ఎంత వేడి ఉందో చూపిస్తుంది. కుడికాలికీ ఎడమకాలికీ ఒకే చోట 2.2 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తేడా ఉంటే లోపల వాపు మొదలైందని, పుండు పడే ప్రమాదం ఉందని డాక్టర్లు గుర్తుగా తీసుకుంటారు, ఆ లెక్క మీదే మా పని. కాళ్ళకి స్పర్శ పోయినవాళ్ళకి ముల్లు గుచ్చుకున్నా తెలీదు, చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ళకి తెలిసేసరికి వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. మొదటిసారి అప్లై చేసినప్పుడు మాకు రాలేదు, రెండోసారి వచ్చింది, ఆ రెండింటి మధ్య ఏం మారిందో అదే ఇక్కడ ఎక్కువగా చెప్తాను.

స్టెప్ 1: మీకు అర్హత ఉందో లేదో ముందే తేల్చుకోండి

కంపెనీ లేకపోయినా భారత పౌరుడిగా ఒక వ్యక్తి పేరు మీద అప్లై చేయొచ్చు, కాకపోతే సెలెక్ట్ అయితే ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త కంపెనీలకి చోటు, ల్యాబ్, సలహా ఇచ్చే సెంటర్‌లో చేరాలి. కంపెనీ ఉంటే అది కొత్తదై ఉండాలి, పనిచేసే సొంత ల్యాబ్ ఉండాలి లేదా ఏదైనా ఇంక్యుబేటర్‌లో ఉండాలి. కాలేజీలోనో హాస్పిటల్‌లోనో ఉద్యోగం చేస్తుంటే అక్కడ్నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్) తెచ్చుకోవాలి, దానికి సంతకం ఎవరు పెడతారో కనుక్కోవడానికే వారాలు పడుతుంది, అందుకే మొదటిరోజే మొదలుపెట్టండి.

మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఇరుక్కునే చోటు ఇంకోటుంది. కంపెనీ షేర్లలో కనీసం 51 శాతం భారత పౌరుల చేతుల్లో ఉండాలి, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు, అంటే వేరే దేశ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు, ఈ లెక్కలోకి రారు. అమెరికాలో ఉన్న బావగారు డబ్బు పెట్టి సగం పైన షేర్లు తీసుకున్నారు, ఆయనకి అక్కడి పౌరసత్వం వచ్చేసింది అనుకోండి, కంపెనీ హైదరాబాద్‌లోనే ఉన్నా, పనిచేసేవాళ్ళంతా ఇక్కడివాళ్ళే అయినా అర్హత పోతుంది. షేర్లు పంచుకునే రోజే ఇది చూసుకోండి, తర్వాత మార్చాలంటే చుట్టరికాలు చెడతాయి.

స్టెప్ 2: ఏ గ్రాంట్ తర్వాత ఏది అన్న వరస వేసుకోండి

ఇది నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఇంకా బొమ్మ గీసుకున్న స్టేజ్‌లోనే ఉంటే బిగ్ కంటే ముందు నిధి ప్రయాస్ చూడండి, అది సైన్స్ అండ్ టెక్నాలజీ డిపార్ట్‌మెంట్‌ది, ప్రోటోటైప్‌కి 10 లక్షల దాకా ఇస్తారు. ఒక స్కీం డబ్బు తీసుకుంటే ఇంకో స్కీం తలుపు మూసుకునే సందర్భాలు కూడా ఉంటాయి. ఉదాహరణకి 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ రూల్స్‌లో, వేరే ప్రభుత్వ స్కీంల నుంచి 10 లక్షలకి మించి డబ్బు తీసుకున్న స్టార్టప్‌కి అర్హత లేదని ఉంది, అంటే ముందే బిగ్ 50 లక్షలు తీసుకున్నవాళ్ళు అక్కడ ఆగిపోతారు. అందుకని మీకు పనికొచ్చే స్కీంలన్నిటి రూల్స్ ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చదివి, ఏది ముందు ఏది వెనక అని వరస రాసుకోండి.

స్టెప్ 3: హాస్పిటల్లో కూర్చోండి, ఊరికే కూర్చోండి

నా దృష్టిలో మొత్తం అప్లికేషన్‌లో అన్నిటికంటే విలువైన పని ఇదే, దీనికి రూపాయి ఖర్చు లేదు. మేం మొదటి అప్లికేషన్ ఆఫీసులో కూర్చుని రాశాం. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు ఇంతమంది, మార్కెట్ ఇంత, మా సెన్సార్ ఇంత గొప్పది అని పేజీలు పేజీలు రాశాం. రివ్యూలో వచ్చిన ప్రశ్న ఒక్కటే, ఇప్పుడు ఈ పేషెంట్లకి పాదాల పరీక్ష ఎలా చేస్తున్నారు, అందులో మీరు ఏం మారుస్తున్నారు అని. దానికి మా దగ్గర ఒక్క లైను జవాబు లేదు.

ఆ తర్వాత పర్మిషన్ తీసుకుని ఒక ప్రభుత్వ హాస్పిటల్ ఓపీలో మూడు వారాలు కూర్చున్నాం. ఏ డివైస్ పెట్టలేదు, ఎవర్నీ ముట్టుకోలేదు, కేవలం చూశాం. అక్కడ సిస్టరమ్మ 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ దారంతో పాదం మీద నొక్కి తెలుస్తోందా అమ్మా అని అడుగుతుంది, జనం ఎక్కువున్న రోజు అది కూడా కుదరదు. ఇంకో విషయం చూశాం, దానివల్ల మా డిజైనే మారిపోయింది. చాలామంది పేషెంట్లు లోపలికొచ్చే ముందు బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని వస్తున్నారు. డాక్టర్ ముందు మట్టికాళ్ళు పెట్టడం మర్యాద కాదని వాళ్ళ బాధ. తడికాళ్ళతో పీట ఎక్కితే పాదం చల్లబడి వేడి లెక్క మొత్తం తప్పొస్తుంది కదా! మా ల్యాబ్‌లో మేం ఎప్పుడూ పొడికాళ్ళతోనే టెస్ట్ చేశాం. రెండో అప్లికేషన్‌లో ఈ తడికాళ్ళ సంగతి ఒక పేరా రాశాం, కాళ్ళు తుడిచాక ఎంతసేపు ఆగి కొలవాలో తేలుస్తామని కూడా రాశాం, ఇంటర్వ్యూలో ఎక్కువసేపు దాని గురించే అడిగారు.

కూర్చున్నప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఒక్కో పేషెంట్‌కి ఎన్ని నిమిషాలు పడుతోంది, పరీక్ష ఎవరు చేస్తున్నారు, కరెంట్ పోతే ఏం చేస్తున్నారు, రిజల్ట్ ఎక్కడ రాస్తున్నారు, ఇవన్నీ రాసుకోండి. పేషెంట్ పేర్లు మాత్రం రాయొద్దు.

స్టెప్ 4: 18 నెలల్లో తేల్చే ఒక్క ప్రశ్న రాసుకోండి

అప్లికేషన్ ఫారం తెరవకముందే ఈ పని చేయండి. బిగ్ అనేది వస్తువు అమ్ముకోవడానికి ఇచ్చే డబ్బు కాదు, ఐడియా పనిచేస్తుందని రుజువు చేయడానికి ఇచ్చే డబ్బు. కాబట్టి ప్రశ్న చిన్నదిగా, అవునో కాదో తేలేలా ఉండాలి. మాది ఇలా రాసుకున్నాం: మా పీట చూపించే వేడికీ, ఖరీదైన థర్మల్ కెమెరా చూపించే వేడికీ తేడా అర డిగ్రీ లోపు ఉంటుందా? అంతే. పుండ్లు తగ్గిస్తుందా, ప్రాణాలు కాపాడుతుందా అన్నవి పెద్ద ప్రశ్నలు, వాటికి సంవత్సరాలు కావాలి, వందలమంది పేషెంట్లు కావాలి, ఈ గ్రాంట్‌లో ఆ మాట ఇస్తే నమ్మరు, నమ్మకపోవడమే న్యాయం.

ప్రశ్న రాసుకున్నాక వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి. 18వ నెలలో ఏం చేతిలో ఉండాలి, దానికి 12వ నెలలో ఏం అయి ఉండాలి, 6వ నెలలో ఏం అయి ఉండాలి. ప్రతి మైల్‌స్టోన్‌లో ఒక అంకె ఉండాలి. ప్రోటోటైప్ మెరుగుపరుస్తాం అని రాస్తే అది మైల్‌స్టోన్ కాదు, అయ్యిందో లేదో మీరైనా ఎలా చెప్తారు? ఐదు పీటలు తయారుచేసి ఒక్కోదాన్ని వెయ్యిసార్లు వాడి చూస్తాం, అని రాయండి.

స్టెప్ 5: పేటెంట్ సంగతి నోరు విప్పకముందే

కాన్ఫరెన్స్‌లో చూపించాక, యూట్యూబ్‌లో వీడియో పెట్టాక పేటెంట్‌కి వెళ్తే కొత్తదనం పోయిందంటారు. కనీసం ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ ఫైల్ చేయండి, దాంతో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వడానికి 12 నెలల టైం దొరుకుతుంది. స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే ఆన్‌లైన్ ఫైలింగ్ ఫీజు పెద్ద కంపెనీలకి 8,000 ఉన్నచోట మనకి 1,600 రూపాయలే. మన చట్టంలో వైద్యం చేసే పద్ధతికి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాంకి పేటెంట్ ఇవ్వరు, అందుకని డివైస్ నిర్మాణం మీద దృష్టి పెట్టి రాయించుకోండి.

స్టెప్ 6: పర్మిషన్లకి పట్టే టైం ప్లాన్‌లో వేసుకోండి

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో మెడికల్ డివైస్‌లన్నీ, సాఫ్ట్‌వేర్‌తో సహా, డ్రగ్ కంట్రోల్ పరిధిలోకి వచ్చాయి. 2017 మెడికల్ డివైస్ రూల్స్ ప్రకారం రిస్క్‌ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు క్లాసులు, ఏ అంటే తక్కువ రిస్క్, డీ అంటే ఎక్కువ. ఈ నాలుగింటిలో మీ డివైస్ ఎందులోకి వస్తుందో అప్లికేషన్‌లో రాయాల్సిందే, రాయకపోతే ఈ ఫీల్డ్ తెలీనివాళ్ళని అర్థమైపోతుంది. టెస్టింగ్ కోసం కొన్ని పీసులు తయారుచేసుకోవడానికి కూడా లైసెన్స్ ఉంది, ఫారం ఎండీ 12లో అప్లై చేస్తే ఎండీ 13 వస్తుంది. ఇక మనుషుల మీద పెట్టి చూడాలంటే హాస్పిటల్ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. ఆ కమిటీలు రోజూ కూర్చోవు, ఒక మీటింగ్ మిస్సయితే నెలో రెండు నెలలో పోయినట్టే, వాళ్ళు మార్పులు అడిగితే ఇంకొంత. మేం దీనికి నాలుగు నెలలు పెట్టుకున్నాం, పూర్తిగా పట్టింది.

స్టెప్ 7: బడ్జెట్

జీతాలు, మెటీరియల్స్, పరికరాలు, బయట చేయించే పనులు, ప్రయాణాలు, ఇలా హెడ్స్ ఉంటాయి. 50 లక్షలు ఇస్తారు కదా అని 50 రాయొద్దు, 34 అవసరమైతే 34 రాయండి. పరికరాలు కొనేముందు అవి అద్దెకో షేరింగ్‌లోనో దొరుకుతాయేమో చూడండి. విశాఖలో ఏఎంటీజెడ్ మెడ్‌టెక్ జోన్‌లో టెస్టింగ్ సదుపాయాలున్నాయి, హైదరాబాద్ రాయదుర్గంలో టీ వర్క్స్‌లో ప్రోటోటైప్ మెషీన్లున్నాయి. బయటి దేశం నుంచి సెన్సార్లు తెప్పించే పని ఉంటే కస్టమ్స్, జీఎస్టీ, ఆలస్యం మూడూ లెక్కలో వేయండి, మా సెన్సార్ పార్సిల్ పోర్టులో ఏడు వారాలు ఇరుక్కుపోయింది, ఆ ఏడు వారాలూ ఇద్దరు ఇంజినీర్ల జీతం మాత్రం ఆగలేదు.

స్టెప్ 8: ఇంక్యుబేటర్‌తో మాట్లాడి అప్లై చేయండి

బిగ్‌ని బైరాక్ నేరుగా కాకుండా బిగ్ పార్ట్‌నర్లు అనే ఇంక్యుబేటర్ల ద్వారా నడిపిస్తుంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో ఉన్న ఐకేపీ నాలెడ్జ్ పార్క్ మొదట్నుంచీ అందులో ఉంది. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో ఆస్పైర్ బయోనెస్ట్, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో బయోనెస్ట్, ఐఐటీ హైదరాబాద్‌లో హెల్త్‌కేర్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సెంటర్ కూడా ఉన్నాయి, మీకు దగ్గర్లో ఉన్నదానికి వెళ్ళి డ్రాఫ్ట్ చూపించండి. కాల్స్, అంటే అప్లికేషన్లు తీసుకునే గడువులు, మామూలుగా ఏడాదికి రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న తెరుస్తారు, నెలన్నర టైం ఉంటుంది. ఆ నెలన్నరలో రాయడం మొదలుపెడితే ఆలస్యమే, కాల్ తెరిచేనాటికి పై ఏడు స్టెప్పులు అయిపోయి ఉండాలి. ఆ కాల్‌కి ఇచ్చిన గైడ్‌లైన్స్ పూర్తిగా చదవండి, పాత ఏడాది పీడీఎఫ్ ఎవరో వాట్సాప్‌లో పంపింది చూసి నింపొద్దు. చివరిరోజు సర్వర్ నెమ్మదిస్తుంది, మూడు రోజుల ముందే సబ్మిట్ చేసేయండి.

రాసేటప్పుడు మాటలు సింపుల్‌గా ఉంచండి, చదివేవాళ్ళలో మీ సబ్జెక్ట్ నిపుణుడొకరుంటే, డాక్టరొకరు, బిజినెస్ చూసేవాళ్ళొకరు ఉండొచ్చు, ముగ్గురికీ అర్థం కావాలి. మీ డివైస్ ఎక్కడ ఫెయిలయ్యే అవకాశం ఉందో మీరే రాసి, అప్పుడు ఏం చేస్తారో కూడా రాయండి.

స్టెప్ 9: ఇంటర్వ్యూ

పేపర్ రివ్యూ దాటితే కమిటీ ముందు ప్రజెంటేషన్ ఉంటుంది. స్లైడ్లు తక్కువ పెట్టుకుని ప్రశ్నలకి టైం వదలండి. ప్రోటోటైప్ ఎంత మొరటుగా ఉన్నా పట్టుకెళ్ళండి, మాది అప్పటికి ప్లైవుడ్ పీటే, కింద వైర్లు కనిపిస్తున్నాయి, అయినా టేబుల్ మీద పెట్టి చేత్తో తాకి చూడమంటే మాట్లాడే తీరే మారిపోయింది. తెలీని ప్రశ్నకి తెలీదు, ఇలా తెలుసుకుంటాం అని చెప్పండి.

స్టెప్ 10: వచ్చాక

డబ్బు ఒకేసారి రాదు, మైల్‌స్టోన్లు చూసి విడతల్లో ఇస్తారు. దీనికి వేరే బ్యాంకు అకౌంట్ పెట్టాలి, ఆ అకౌంట్‌లోంచి ఇంటి ఖర్చుకి వంద రూపాయలు కూడా తీయొద్దు. ప్రతి బిల్లూ తేదీవారీగా ఫైల్ చేసుకోండి, యూసీ, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఇవ్వనిదే తర్వాతి విడత కదలదు. విడతకీ విడతకీ మధ్య గ్యాప్ వస్తుంది, రెండు మూడు నెలల జీతాలకి సరిపడా డబ్బు పక్కన ఉంచుకోండి, ఆ గ్యాప్‌లోనే మంచి ఇంజినీర్లు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతారు.

రాకపోతే రివ్యూ కామెంట్లు ప్రింట్ తీసి ఒక్కోదాని పక్కన మీ జవాబు రాయండి, జవాబు లేనిదాని పక్కన ఎవర్ని అడగాలో రాయండి. జనవరి కాల్ పోతే జూలై కాల్ ఉంది. ఆ ఆరు నెలల్లో ఓపీలో ఇంకో మూడు వారాలు కూర్చోవచ్చు, ప్రొవిజనల్ ఫైల్ చేయొచ్చు, ఎథిక్స్ కమిటీకి ప్రోటోకాల్ (టెస్ట్ ఎలా చేస్తామో రాసిన ప్లాన్) ఇచ్చేయొచ్చు.