జయపురం నుంచి విశాఖపట్నానికి: దూరాన్నీ సమయాన్నీ లెక్కకట్టుకోవడం ఎలా

ఒడిశాలోని జయపురం ఉన్న కోరాపుట్ జిల్లా తెలుగువారికి వైద్యం, చదువు, పెళ్లి బట్టలు, ఏ పని పడినా విశాఖపట్నమే దిక్కు. 1936లో ఒడిశా ఏర్పడేవరకు జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది కనుక ఈ రాకపోకలు కొత్తవి కావు. అయినా ప్రయాణ సమయాన్ని కిలోమీటర్లను బట్టి అంచనా వేసి, ఆసుపత్రిలో డాక్టరు ఇచ్చిన వేళకు చేరుకోలేకపోయేవారు ఇప్పటికీ ఉన్నారు.

ముందుగా ఆకాశమార్గ దూరం చూద్దాం. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. మన ప్రాంతంలో ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 105.5 కిలోమీటర్లు. జయపురం, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య అక్షాంశాల తేడా సుమారు 1.15 డిగ్రీలు, రేఖాంశాల తేడా 0.67 డిగ్రీలు, అంటే దక్షిణానికి 128, తూర్పుకు 71 కిలోమీటర్లు. ఈ రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 146 కిలోమీటర్లు వస్తుంది.

రోడ్డు దూరం మాత్రం దాదాపు 220 కిలోమీటర్లు. దీన్ని ఒకే సగటు వేగంతో భాగించకూడదు. దారిని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు తగిన వేగం వేసుకోవాలి. జయపురం నుంచి కోరాపుట్‌కు 22 కిలోమీటర్లే అయినా అంతా ఎక్కుడే కనుక ముప్పావు గంట పడుతుంది. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ నుంచి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు మైదానంలోకి దిగే 80 కిలోమీటర్ల దారి ఈ ప్రయాణానికంతటికీ కీలకం. ఘాట్ రోడ్డు మలుపుల్లో బరువు లారీ ఒకటి ముందుంటే దాని వెనకే నడవాలి తప్ప దాటే వీలుండదు కాబట్టి ఇక్కడ గంటకు 35 కిలోమీటర్లకు మించి ఆశించకండి. రెండుంబావు గంటలు కేటాయించండి. సాలూరు నుంచి విజయనగరం, అక్కడి నుంచి విశాఖ, ఒక్కొక్కటి గంటంబావు. భోజనానికి, టీకి అరగంట కలిపితే కారులో ఆరు గంటలు. వర్షాకాలంలోనూ, చలికాలపు పొగమంచులోనూ మరో గంట చేర్చుకోవాలి.

జయపురం నుంచి విశాఖకు 2022లో తొమ్మిది సీట్ల చిన్న విమానంతో సర్వీసు మొదలైంది. అలాంటి విమానం వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లు కనుక ఎక్కుదల, దిగుదల కలిపి ముప్పావు గంట సరిపోతుంది. అయితే ఇంటి నుంచి బయలుదేరడం, గంట ముందు చేరడం, విశాఖలో దిగాక ఊళ్లోకి వెళ్లడం కలిపితే దాదాపు మూడు గంటలవుతుంది. రోడ్డు ప్రయాణంతో పోల్చవలసింది ఈ మూడు గంటలనే.

టికెట్టు కొనే ముందు ఆ రోజు సర్వీసు ఉందో లేదో విచారించండి. ఉదయం పదింటికి డాక్టరును చూడవలసి ఉంటే ముందు రోజే రోడ్డు మార్గాన బయలుదేరి, చీకటి పడకముందే సుంకి ఘాట్ దాటండి.