బీమా లేని బండి మీ కారును ఢీకొంటే

అమీర్‌పేటలోనో ఔటర్ రింగ్ రోడ్డు మీదో మీ కారును ఢీకొన్న బండికి బీమా లేదని తేలితే, అక్కడికక్కడే ఎంతో కొంత తీసుకుని సరిపెట్టుకోవడానికి దయచేసి ఒప్పుకోకండి. ముందు 112కు ఫోన్ చేసి, నంబరు ప్లేట్లూ దెబ్బలూ కనబడేలా ఫొటోలు తీసి, పోలీసు ఫిర్యాదు నకలు దగ్గర ఉంచుకోండి. మీది సొంత బండి నష్టానికీ వర్తించే సమగ్ర పాలసీ అయితే మరమ్మతు ఖర్చును మీ బీమా కంపెనీ నుంచే కోరవచ్చు; నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూడకముందు మాత్రం బండిని విప్పించకూడదు. ఇతరులకు జరిగే నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నా, ఎవరికైనా గాయాలైనా, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ఆ డ్రైవరు, యజమానుల మీద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా దరఖాస్తు చేయాలి. బీమా లేనందుకు తొలిసారి పడే 2,000 రూపాయల జరిమానా ప్రభుత్వానికి చేరుతుందే తప్ప మీ నష్టాన్ని పూడ్చదు.