పాత ఫ్రిజ్జు మనమే దించుకుంటే

దసరా ఆఫర్లు రాగానే మా విజయనగరం దాసన్నపేట వీధిలో అందరూ కొత్త ఫ్రిజ్జు కొనేస్తారు, పాతది ఏటి చెయ్యాలో మాత్రం ఎవరూ అనుకోరు, ఇంకేముంది అది వరండాలో చెప్పుల స్టాండయి కూచుంటాది. అందుకని ముందు పాతది ఎటు పోతాదో తేల్చుకోండి, తర్వాతే కొత్తదానికి డబ్బులు కట్టండి. ఎక్స్ఛేంజ్ అయితే పైనుంచి దించేది ఎవరో షాపులోనే అడిగి బిల్లు మీద రాయించుకోండి, మాకు డెలివరీ రోజున "కిందకి తెచ్చిపెట్టండి సార్, మేం ఎక్కించుకుంటాం" అన్నారు, మాదేమో రెండో అంతస్తు.

దాంతో మేం పాతది చీపురుపల్లి దగ్గర మా అప్ప వాళ్ళ ఊరికి ఇద్దామనుకున్నాం. కళాసీలు ఎందుకులే దండగ, నేనూ బావా చాలమా అనుకున్నాం. చాలం. ఫ్రిజ్జుకి కనీసం ముగ్గురుండాలి, ఇద్దరు మొయ్యడానికి, ఒకరు ముందు నడుస్తూ గోడలు, మలుపులు చూసి చెప్పడానికి.

ముందురోజు రాత్రే స్విచ్ తీసేసి తలుపు తెరిచి పెట్టండి, ఫ్రీజర్లో ఐసంతా కరిగిపోవాలి, కత్తితో పొడవకండి, చిల్లి పడిందంటే గ్యాసు పోయి ఫ్రిజ్జు పాత ఇనప సామాన్లకే. వెనకాల కంప్రెసర్ మీద నీళ్ళు పట్టే చిన్న ట్రే ఉంటాది, అది చాలామందికి తెలీనే తెలీదు, తియ్యకుండా వంచితే ఆ మురికి నీళ్ళు మీ లుంగీ మీదే. లోపలి అద్దం అరలు, కూరగాయల డబ్బా తీసి బట్టల్లో చుట్టెయ్యండి. తలుపు పాత చున్నీతో కట్టండి, బ్రౌన్ టేపు వేస్తే పెయింటు లేచొస్తాది.

టేపుతో అసలు పని కొలవడానికి. ఫ్రిజ్జు వెడల్పు, గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు మూడూ కొలవండి. మాకు గుమ్మంలో దూరింది గానీ మలుపులో రెయిలింగ్ అడ్డొచ్చింది, అక్కడ పది నిమిషాలు ఫ్రిజ్జుని గుండెల మీద పెట్టుకుని నిలబడ్డాం, కిందింటి పిన్ని బయటికొచ్చి "ఓరి బాబోయ్, ఒదిలేత్తారేటి" అని అరుస్తానే ఉంది.

దించేటప్పుడు బలమైనోడు కింద ఉండాలి, బరువంతా ఆయన మీదే పడతాది. కంప్రెసర్ ఉన్న అడుగు భాగం కిందకే ఉండాలి. పాత మోడళ్ళకి వెనకాల నల్ల జాలీ ఉంటాది కదా, అది పట్టుకోడానికి చాలా అనువుగా కనిపిస్తాది, పట్టుకోకండి. అడుగున రెండు వరసలు తాడు తిప్పి ఆ తాడే పట్టుకోండి, కాళ్ళకి చెప్పులు కాదు, బూట్లు.

ఇంక ట్రాలీ ఆటోలో. మేం చేసిన తప్పు ఇక్కడే, తీగలు తగుల్తాయని డ్రైవర్ అంటే పడుకోబెట్టేశాం, ఊరెళ్ళగానే అప్ప చల్లటి నీళ్ళంటే ప్లగ్గు పెట్టేశాం. నెల్లాళ్ళకే కంప్రెసర్ పోయింది. పడుకోబెడితే కంప్రెసర్లో ఆయిలు పైపుల్లోకి పోతాదని, నిలబెట్టాక అది తిరిగి దిగేదాకా ఆగాలని మెకానిక్ అప్పుడు చెప్పాడు. కాబట్టి నిలబెట్టే తీసుకెళ్ళండి, పక్కల గోనె సంచులు దోపి నాలుగు వేపులా కట్టండి. పడుకోబెట్టక తప్పకపోతే దించాక ఒక రోజు కదపకుండా నిలబెట్టి తర్వాతే కరెంటు. పల్లెల్లో పాత ఇళ్ళల్లో రెండు రంధ్రాల సాకెట్టే ఉంటాది, మూడో పిన్ను విరిచేసి గుచ్చే మహానుభావులున్నారు, ఎర్తింగ్ లేకపోతే ఫ్రిజ్జు ముట్టుకోవద్దు.

వాషింగ్ మెషీన్ అయితే పైపు కిందకి వంచి నీళ్ళు పూర్తిగా తీసెయ్యండి. ముందు తలుపుదైతే కొన్నప్పుడు వెనకాల బిగించి వచ్చిన పెద్ద బోల్టులు మళ్ళీ బిగించాలి, లేకపోతే గతుకుల్లో లోపల డ్రమ్ము స్ప్రింగుల మీద ఊగిపోతాది. కొత్త చోట బోల్టులు తీశాకే ఆన్ చెయ్యండి, తీసి పారెయ్యకండి కూడా. పాత డబ్బా టీవీకి అద్దం వేపే బరువు, అందుకే తెర మన ఛాతీ వేపు ఉండేలా ఎత్తాలి. ఏసీ జోలికి మాత్రం పోకండి, గ్యాసు పని తెలిసినోడే ఊడదియ్యాలి.

పూర్తిగా పాడైపోయిందా, అయితే కంపెనీ కస్టమర్ కేర్ని అడగండి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల రూల్స్ ప్రకారం పాత సామాన్లు రీసైక్లింగ్‌కి చేరే బాధ్యత తయారీదార్లదే. పాత ఇనప సామాన్లోడు గుమ్మంలోనే రాగి పైపు కోస్తానంటే ఒప్పుకోకండి, ఇప్పటి చాలా ఫ్రిజ్జుల్లో ఉండే ఆర్ 600ఏ గ్యాసు అంటుకునే రకం. బయట పెట్టాల్సొస్తే తలుపు ఊడదీసి పెట్టండి, గుంటలు ఆడుకుంటా లోపల దూరిపోతారు.

రోజు చూసుకోండి మరి, దసరా తర్వాత మంగళవారం మా ఊళ్ళో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ రోజు మూడు లాంతర్ల సెంటరు, కోట వేపు బండి కదల్దు. ఈసారి కొత్త ఫ్రిజ్జు అప్పకే తీసుకెళ్ళాం, నిలబెట్టే. కాసేపు ఆగమంటే గంటలో మూడుసార్లు అడిగింది, "ఇంక పెట్టీమంటావేట్రా" అని.