వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఎదుటివారి మాట మన నోట

గత పాఠంలో మధ్యలో అడ్డు తగలకుండా వినడం, మాట పూర్తయ్యాక మూడు సెకన్లు ఆగడం సాధన చేశాం. అయితే నోరు మెదపనంత మాత్రాన విన్నట్టు కాదు. ఆ మౌనంలో చాలామంది లోపల జవాబు కూర్చుకుంటూ ఉంటారు. నిజంగా విన్నామో లేదో తేల్చుకోవడానికి ఒకటే పరీక్ష: వారన్నది వారి ముందే మన మాటల్లో చెప్పాలి, 'అవును, నేననేది అదే' అని వారు అనేదాకా.

ఇది మన శాస్త్రచర్చల్లో పాత పద్ధతే. మీమాంస, వేదాంత గ్రంథాల్లో ఒక్కో అధికరణంలో (ఒక ప్రశ్నపై సాగే చర్చాభాగంలో) విషయం, సంశయం చెప్పాక పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదన వస్తుంది, ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే గ్రంథం తేల్చే నిర్ణయం. పూర్వపక్షాన్ని నీరుగార్చి చెబితే దాని ఖండనకూ విలువ ఉండదు. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటిదాన్ని పడగొట్టడానికి చేసేది వితండ. ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు మనం ఏ రకంలో ఉన్నామో ఒకసారి చూసుకోండి.

అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1951లో ఒక ప్రసంగంలో ఇలాంటి నియమమే పెట్టారు: ముందు మాట్లాడినవారి ఆలోచననూ భావాన్నీ వారు తృప్తిపడేలా తిరిగి చెప్పాకే ఎవరైనా తమ మాట మొదలుపెట్టాలి. పూర్వపక్షం ఎదుటివారి వాదనను మాత్రమే పట్టుకుంటుంది. ఈ నియమం దాని వెనకున్న భయం, కోరిక, బాధ కూడా పట్టుకోమంటుంది. ఇళ్లలో తగాదాలు చాలావరకు తెగనిది అక్కడే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఊళ్లో రెండెకరాలు అమ్మి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొందామని కొడుకు అంటున్నాడు. తండ్రి జవాబు: "నేనుండగా ఆ పొలం అమ్మేది లేదు. కౌలు ఏమంత రాదని నాకూ తెలుసు. రేపు నీ ఉద్యోగం అటూ ఇటూ అయితే ఏం చూసుకుని బతుకుతావురా?"

"అంటే నీకు పొలం మీద మమకారం, అంతేగా" అని కొడుకు అంటే అది వినడం కాదు. తండ్రి మమకారం మాటే ఎత్తలేదు, కొడుకు భద్రత గురించి మాట్లాడాడు. ఎదుటివారి కారణాన్ని సెంటిమెంటు కింద కొట్టిపారేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు, ఎక్కువగా నొప్పించేదీ అదే. "కౌలు రాదని నువ్వే ఒప్పుకుంటున్నావుగా" అనడం ఇంకో తప్పు: మనకు పనికొచ్చే ముక్క ఏరుకుని మిగతాది వదిలేయడం. అన్న మాటలే అక్షరం పోకుండా చిలకలా అప్పజెప్పినా లాభం లేదు, ఎకసెక్కంలా వినిపిస్తుంది.

సరైనది ఇలా ఉంటుంది: "కౌలు పెద్దగా రాదని నీకూ తెలుసు. అయినా నా ఉద్యోగానికి ఏమైనా అయితే ఆదుకునేది ఆ పొలమేనని నీ భయం. అంతేనా నాన్నా?"

'అంతేనా' అన్నాక ఆగాలి. తండ్రి "అదొక్కటే కాదురా, మీ చెల్లి వాటా సంగతి కూడా ఉంది" అనవచ్చు. మనం తప్పు చెప్పామని చిన్నబుచ్చుకోవద్దు. అసలు విషయం సాధారణంగా ఇలా రెండో విడతలోనే బయటికొస్తుంది. దాన్నీ కలిపి మళ్లీ చెప్పండి. ఆ వెంటనే 'కానీ' అంటూ మొదలుపెడితే మాత్రం అప్పటిదాకా చెప్పిందంతా తుడిచేసినట్టే.

రెండు నిమిషాల మాటకు రెండు మూడు వాక్యాలు చాలు. ఎదుటివారు ఆపకుండా చెబుతుంటే కాస్త సందు చూసి, "ఇంతవరకూ నాకర్థమైంది చెబుతాను, సరిగ్గా ఉందేమో చూడు" అనండి. తిరిగి చెబితే ఒప్పుకున్నట్టవుతుందేమోనని కొందరు జంకుతారు. అవదు. 'నువ్వనేది', 'నీ భయం' అన్నప్పుడు అది వారి మాటగానే ఉంటుంది. మనకే కోపం తన్నుకొస్తుంటే ఆ పూట వద్దు. గొంతులో అది దాగదు. తిట్లూ బెదిరింపులూ నడుస్తున్న చోట ఈ పద్ధతి పనికిరాదు, ముందు అక్కడినుంచి బయటపడాలి.

ఈ వారం సాధనకు ముగ్గురు కావాలి. పెళ్లికి ఎంతమందిని పిలవాలి, పిల్లల్ని ఏ మీడియంలో వేయాలి, ఇలాంటి చిన్నపాటి భేదాభిప్రాయం ఒకటి తీసుకోండి. ఒకరు రెండు నిమిషాలు మాట్లాడతారు, రెండోవారు అర నిమిషంలో తిరిగి చెబుతారు. మూడోవారు కాగితం మీద మూడు గళ్లు గీసి ఏం కలిపారు, ఏం వదిలేశారు, ఏం మార్చారు అన్నది రాస్తారు. తర్వాత వంతులు మార్చుకోండి.

తోడు లేనివారు తమకు నచ్చని పార్టీ నాయకుడి ప్రసంగం ఫోన్లో రెండు నిమిషాలు విని, ఆపి, సారాంశాన్ని నోటితో చెప్పి రికార్డు చేసుకోవాలి. ప్రసంగాన్ని మళ్లీ విని రెంటినీ పోల్చాలి. మీ మాటల్లో వెటకారం దొర్లిన చోటల్లా గుర్తు పెట్టుకోండి. సారాంశం విన్నవారు మిమ్మల్ని ఆ పార్టీవారే అనుకునేలా ఉంటే 4వ పాఠానికి వెళ్లవచ్చు. తిరిగి చెప్పాక కూడా మన అభిప్రాయం మారకపోతే దాన్ని ఎలా మొదలుపెట్టాలో అందులో చూద్దాం.