ఎస్సీ, ఎస్టీ, మహిళా పారిశ్రామికుల నుంచి కొనేలా కంపెనీలను ఒప్పించడం ఎలా?

హైదరాబాద్‌లోని కంపెనీలను ఇందుకు ఒప్పించదలచినవారు ముందుగా యజమాని గదికి కాక కొనుగోళ్ల విభాగానికి వెళ్లడం మేలు. పైవారు సరేనన్నా వెండర్ కోడ్ (సరఫరాదారుగా నమోదు చేసి ఇచ్చే సంఖ్య) ఇచ్చేది, ఆర్డరు రాసేది అక్కడే. ఆ సంస్థ ఏడాది పొడవునా కొనే వస్తువుల జాబితా అడిగి, అట్టపెట్టెలు, యూనిఫాంలు, లేత్ పనుల వంటి ఒకటి రెండింటిని ఎంచుకొని, బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో వాటిని చేయగలవారి నమూనాలను ధరలతో సహా బల్ల మీద పెట్టాలి. ఉపన్యాసం కన్నా నమూనా ఎక్కువ పని చేస్తుంది.

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలతో మాట సులువు. 2012 నాటి కొనుగోలు విధానం, 2018 సవరణ ప్రకారం అవి ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ఆ 25 శాతంలో భాగంగానే, మొత్తం కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి, 3 శాతం మహిళల యూనిట్ల నుంచి ఉండాలి. ప్రైవేటు కంపెనీలకు ఈ నిర్బంధం లేదు కాబట్టి, కొత్తవారికి అవి పెట్టే అడ్డుగోడలను తగ్గించమనే అడగాలి. మూడేళ్ల టర్నోవరు, ఇంతకు ముందు ఇంత పెద్ద ఆర్డరు చేసిన అనుభవం వంటి షరతులు కొత్తవారిని ధర చెప్పకముందే బయటకు పంపేస్తాయి. వాటిని ఒక్క వస్తువుకైనా సడలించి, నాణ్యత తనిఖీని మాత్రం యథాతథంగా ఉంచి, చిన్న ట్రయల్ ఆర్డరు ఇవ్వమని కోరాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు బిల్లు చెల్లింపు. ఆర్డరు దొరికాక డబ్బు నాలుగు నెలలు ఆగితే చిన్న యూనిట్ మునిగిపోతుంది. అప్పుడు ఆర్డరు ఇవ్వకపోవడమే నయమనిపిస్తుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని, చెల్లించిన ఏడాదిలోనే పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలరన్న సంగతి అకౌంట్స్ విభాగానికి చెబితే, వారే మీ తరఫున మాట్లాడతారు. సరఫరాదారు వద్ద ఉద్యం నమోదు పత్రం (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం వద్ద నమోదైనట్టు చూపే పత్రం) ఉండేలా ముందే చూసుకోవాలి.

పేరు ఒకరిది, పెత్తనం మరొకరిదీ అయ్యే మోసాలూ లేకపోలేదు. భాగస్వామ్య సంస్థలో కనీసం 51 శాతం వాటా ఆ వర్గాలవారిదేనా అని పత్రాలు చూసి, యూనిట్‌కు వెళ్లి పని ఎవరు నడుపుతున్నారో గమనించాలి. ట్రయల్ ఆర్డరు పూర్తయ్యాక సరుకు చేరిన తేదీలు, తిరస్కరించిన ముక్కల లెక్క ఒక కాగితంపై రాయించుకొని, దాన్నే తరువాతి కంపెనీ కొనుగోళ్ల అధికారి ముందు పెట్టాలి.